తాత పుట్టింది ఏ జిల్లాలో? చిత్తూరు, తిరుపతి కుటుంబాల వంశవృక్షాల్లో తప్పులు ఎక్కడ దూరుతున్నాయి

వయల్పాడు దగ్గర ఒక పల్లెలో 1905లో పుట్టిన మనిషి, 1990లో అదే పల్లెలో చనిపోయాడనుకుందాం. ఆయన పుట్టింది కడప జిల్లాలో. ఆరేళ్ల వయసులో, ఊరు కదలకుండానే చిత్తూరు జిల్లావాడయ్యాడు. నలభై ఎనిమిదో ఏట మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రంలోకి, యాభై ఒకటో ఏట ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాడు. ఎనభయ్యో ఏట తాలూకా పోయి మండలం వచ్చింది. ఆయన పోయాక, 2022లో ఆ ఊరు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. ఇప్పుడు ఆయన మనవడు ఒక ఫారం నింపుతూ 'తాతగారు పుట్టిన జిల్లా' అన్న గడి దగ్గర ఆగిపోతాడు.

ఇలాంటి గడులు ఈ మధ్య ఎక్కువయ్యాయి. 2025 జూన్‌లో బిహార్‌లో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో, 2003 జాబితాలో తమ పేరో తల్లిదండ్రుల పేరో చూపించాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరులో తమిళనాడులోనూ సవరణ మొదలవడంతో, వేలూరు, తిరుత్తణి వైపు బంధువులున్న ఇక్కడి కుటుంబాలకూ ఆ ప్రశ్న దగ్గరైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే, పాత పట్టాలో ఉన్న తాత పేరుకూ ఇప్పటి ఆధార్‌లో ఉన్న మనవడి పేరుకూ మధ్య లంకె అడిగింది. ఆస్తి పంపకాల కేసుల్లో వంశవృక్షం దాఖలు చేయడం ఎప్పటి నుంచో ఉన్నదే. దీనికి తోడు ఇంటిపేరు కొడితే ఏడు తరాలు చూపిస్తామనే వెబ్‌సైట్లు వచ్చాయి.

క్లుప్తంగా చెప్పాలంటే: ఈ ప్రాంతంలో పూర్వీకుల వివరాలు తప్పడానికి ముఖ్యమైన కారణాలు మూడు. జిల్లా హద్దులు పదే పదే మారాయి. పేర్లు, వరసలు, సంవత్సరాల పేర్లు మళ్లీ మళ్లీ తిరిగొస్తాయి. అన్నిటికన్నా పెద్ద కారణం, కాగితం మీద ముద్ర ఉంటే అందులోని ప్రతి మాటా నిజమే అనుకోవడం. ఒకే కాగితం ఒక విషయంలో గట్టి సాక్ష్యం, ఇంకో విషయంలో వినికిడి మాట అవుతుంది. ఆ తేడా పట్టుకుంటే వంశవృక్షంలో సగం తప్పులు ముందే ఆగుతాయి.

ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా కదిలింది

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వయల్పాడు తాలూకాలు, వాటితో పాటు కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీ ప్రాంతాలు కలిశాయి. అంటే తిరుపతిలో ఒక కుటుంబం 1900 నాటి కాగితం వెతకాలంటే అది 'ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా' కింద ఉంటుంది. మదనపల్లె కుటుంబానికి అదే కాలపు కాగితం 'కడప జిల్లా' కింద ఉంటుంది. ఇద్దరూ 'మాది మొదటి నుంచీ చిత్తూరు జిల్లానే' అని నమ్మి వెతికితే ఇద్దరికీ ఏమీ దొరకదు.

1960 ఏప్రిల్ 1న ఇంకో మార్పు జరిగింది. సరిహద్దుల మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మీద వచ్చిన సరిహద్దుల చట్టం ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాకు వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండిన సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలు ఇందులో కలిశాయి. కాబట్టి అప్పుడు ఏర్పడిన తిరుపతి జిల్లాలోనే మూడు వేర్వేరు పాత జిల్లాల దస్త్రాల వారసత్వం ఉంది: ఉత్తర ఆర్కాటు, నెల్లూరు, సత్యవేడు వైపు చెంగల్పట్టు.

వెతికేవాళ్లు చేయాల్సిన పని తేలికైనదే, అయినా దాదాపు ఎవరూ చేయరు. ఊరి పేరు పక్కన ఇప్పటి జిల్లా ఒక్కటే రాసి వదలకుండా, ఆ సంఘటన జరిగిన ఏడాదికి ఆ ఊరు ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉందో రాయాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ దస్త్రాలు ఎక్కువగా చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1911కు ముందు సంగతి కావాలంటే చాలాసార్లు అటే పోవాల్సి వస్తుంది.

ఊరి పేరుతో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో గుర్తుండేది పల్లె పేరు, కాగితంలో ఉండేది రెవెన్యూ గ్రామం పేరు. ఒక రెవెన్యూ గ్రామం కింద నాలుగైదు పల్లెలు, ఒక కండ్రిగ ఉండొచ్చు. కొత్తపల్లె లాంటి పేర్లయితే ఒకే తాలూకాలో ఒకటికి మించి ఉంటాయి. పల్లె పేరు, రెవెన్యూ గ్రామం పేరు రెండూ రాసుకోకపోతే ఒక కొత్తపల్లె మనిషి ఇంకో కొత్తపల్లె కుటుంబంలో చేరిపోతాడు.

రైతువారీ ఊరు, జమీందారీ ఊరు

ఒక కుటుంబానికి పాత పట్టా దొరకడం, పక్క ఊరి కుటుంబానికి దొరకకపోవడం అదృష్టం మీద ఆధారపడిన విషయం కాదు. చంద్రగిరి, మదనపల్లె వైపు రైతువారీ గ్రామాల్లో శిస్తు రైతు పేరు మీదే ఉండేది, కాబట్టి రైతు పేరు సర్కారు లెక్కల్లోకి నేరుగా ఎక్కింది. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు, వెంకటగిరి జమీందారీ గ్రామాల్లో రైతు శిస్తు కట్టింది జమీందారుకు. ఆ లెక్కలు జమీందారు కచేరీలో ఉండేవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఈ గ్రామాలు రైతువారీ పద్ధతిలోకి వచ్చాయి. అందుకే ఈ ఊళ్లలో చాలా కుటుంబాలకు సర్కారు భూమి కాగితం 1950ల దగ్గర మొదలవుతుంది. దాన్ని చూసి 'అంతకుముందు మనవాళ్లు ఈ ఊళ్లో లేరు' అనుకోవడం తప్పు.

ఇనాం భూమి ఉన్న కుటుంబాలది వేరే సంగతి. గుడి అర్చకులు, మేళగాళ్లు, కరణాలు, ఊరి పనివాళ్లు, మసీదు సేవకుల కుటుంబాలకు 1860 ప్రాంతంలో ఇనాం కమిషన్ తయారు చేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్ గొప్ప ఆధారం. భూమి మొదట ఎవరికి ఇచ్చారు, అప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, ఆయన వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అనే వివరాలు అందులో రాశారు. తాత కన్నా రెండు మూడు తరాలు వెనక్కి ఒక్క పేజీలో వెళ్లగలిగే చోటు ఇంతకు మించి ఈ ప్రాంతంలో అరుదు. అయితే అందులోనూ ఒక పేచీ ఉంది. అనుభవదారుడు తన హక్కు నిలబెట్టుకోవడానికి చెప్పిన వంశం అది. హక్కుకు అవసరం లేని తమ్ముళ్లు, కూతుళ్లు అందులో కనిపించకపోవచ్చు.

పాత అడంగళ్లలో, అంటే ఏ చేను ఎవరి సాగులో ఉందో రాసే గ్రామ లెక్కల్లో, సంవత్సరం ఫసలీలో, అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరంలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు జులైలో మొదలయ్యే సంవత్సరం వస్తుంది. ఫసలీ 1320 అంటే 1910 జులై నుంచి 1911 జూన్ దాకా. దీన్ని శక సంవత్సరం అనుకుని లెక్క కడితే ఐదు వందల ఏళ్లు వెనక్కి పోతాం. అంత తేడా వస్తే వెంటనే తెలిసిపోతుంది గానీ, జనవరి నుంచి జూన్ మధ్య జరిగిన సంగతికి ఒక ఏడాది తేడా పడటం మాత్రం ఎవరి కంటా పడదు.

కాగితాన్ని మొత్తంగా నమ్మొద్దు, మాట మాటగా అడగాలి

మరణ ధ్రువపత్రం తీసుకుందాం. అందులో చనిపోయిన తేదీ, చోటు ఉంటాయి. చట్టం ప్రకారం 21 రోజుల్లో, దగ్గరున్నవాళ్లు చెప్పగా రాసిన మాట అది. గట్టిది. అదే కాగితంలో వయసు '85' అని ఉంటుంది. ఆ మాట చెప్పింది కొడుకో మనవడో. తండ్రి పుట్టినప్పుడు కొడుకు అక్కడ లేడు. ఇంట్లో అనుకునే వయసునే చెప్పాడు. ఇక చనిపోయిన మనిషి తల్లి పేరు రాసి ఉంటే, అది మనవడికి తెలిసిన మేరకు సరైనది, అంతే. ఒకే కాగితంలో మూడు వివరాలకు మూడు రకాల బలం ఉందన్నమాట. మనం చేసే పొరపాటు, తేదీ సరిగ్గా ఉంది కాబట్టి వయసూ సరిగ్గానే ఉంటుందని నమ్మి, 85 తీసేసి పుట్టిన సంవత్సరం రాసేయడం.

వయసుల్లో సున్నా, ఐదు అంకెల మీద మొగ్గు ఎక్కువ. అరవై మూడేళ్ల మనిషి అరవై అంటాడు, డెబ్బై ఎనిమిదేళ్ల అవ్వ ఎనభై అంటుంది. జనాభా లెక్కల నిపుణులు దీన్ని కొలవడానికి విప్పుల్ సూచిక అనే లెక్క వాడతారు. కాబట్టి పాత ఓటరు జాబితాలోనో దస్తావేజులోనో వయసు 40, 45, 50 అని కనిపిస్తే దాన్ని సంవత్సరంగా మార్చే ముందు అటూ ఇటూ కనీసం ఐదేళ్లు వదలాలి. 43 అనో 37 అనో ఉంటే కొంచెం ఎక్కువ నమ్మొచ్చు.

స్కూలు రిజిస్టరులో పుట్టిన తేదీ 1-7 అనో 1-6 అనో ఉండటం అందరికీ తెలిసిందే. ఐదేళ్లు నిండాయని చూపడానికి అయ్యవారు వేసిన తేదీ అది. ఉద్యోగానికి, పింఛనుకు చట్టప్రకారం అదే తేదీ చెల్లుతుంది. వంశచరిత్రకు మాత్రం అది 'బడిలో చేరేటప్పుడు రాయించిన తేదీ' మాత్రమే. ఈ రెండింటినీ కలిపేయకూడదు.

రిజిస్టరైన దస్తావేజు బలం వేరే చోట ఉంది. శుద్ధ క్రయపత్రంలో రాసి ఇచ్చినవాడి తండ్రి పేరు ఆ మనిషే, పెద్దవాడై, సాక్షుల ముందు చెప్పుకున్నది. వయసు విషయంలో అది అంత గట్టిది కాదు, తండ్రి పేరు విషయంలో చాలా గట్టిది. భాగపత్రం దొరికితే ఇంకా మేలు. ఆస్తి పంచుకున్న అన్నదమ్ములందరూ, చనిపోయిన అన్న తరఫున ఆయన కొడుకులు, మైనర్లయితే వాళ్ల గార్డియన్ అందరూ ఒకే చోట కనిపిస్తారు. ఎవరూ పట్టించుకోని భాగం చెక్కుబంది. తూర్పున ఫలానా వారి చేను, పడమర ఫలానా వారి చేను అని రాసిన నాలుగు పేర్లలో ఒకటో రెండో దాయాదులవే అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఒకప్పుడు ఒకే చేనుగా ఉన్న భూమి పంచుకున్నాకే పక్కపక్కన పడుతుంది. చెక్కుబందిలోని ఆ పేరు పట్టుకుని పక్క చేను దస్తావేజు తీస్తే, మరిచిపోయిన తాత తమ్ముడు బయటపడవచ్చు.

1983కు ముందు రిజిస్ట్రేషన్లు సాధారణంగా ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రంలో) రావు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్సు పుస్తకాలు తీయించి వెతికించుకోవాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాలుండే మూడో పుస్తకానికి ఆ వీలు లేదు. రాసిన మనిషి బతికున్నంత కాలం నకలు ఆ మనిషికో ఆయన ఏజెంటుకో మాత్రమే ఇస్తారు, చనిపోయాక వేరేవాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు.

1బీలోనూ (పట్టాదారు ఖాతా), అడంగల్‌లోనూ పేరు ఉండటం ఆ మనిషి బతికే ఉన్నాడనడానికి రుజువు కాదు. చనిపోయి ముప్పై ఏళ్లయినా మ్యుటేషన్, అంటే వారసుల పేరుకు మార్పు, జరగక తాత పేరే నడిచే ఖాతాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ పేరు చూసి ఆయన చనిపోయిన సంవత్సరాన్ని ముందుకు జరిపితే వంశవృక్షం మొత్తం పక్కకు పోతుంది.

కోర్టులు ఈ సంగతిని ఎప్పుడో గుర్తించాయి. చుట్టరికం గురించి చనిపోయిన మనిషి అంతకుముందు చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చని 1872 సాక్ష్య చట్టం 32వ సెక్షన్ చెప్పింది. షరతులు రెండు: చెప్పిన మనిషికి ఆ చుట్టరికం తెలిసే ప్రత్యేకమైన వీలు ఉండాలి, ఆ మాట తగాదా మొదలవకముందు చెప్పినదై ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ, 26వ సెక్షన్‌గా, ఇదే సూత్రం కొనసాగింది. ఇంట్లో వంశవృక్షం రాసుకునేవాళ్లకు కూడా ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు. ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, ఎప్పుడు చెప్పారు, అప్పటికి ఆస్తి గొడవ ఉందా అన్నవి అడిగితే చాలు. పొలం కేసు నడుస్తున్నప్పుడు తయారైన వంశవృక్షాన్ని, అంతకు ఇరవై ఏళ్ల ముందు పెళ్లి శుభలేఖలో అచ్చయిన పేర్లతో పోల్చి చూడాలి.

పేరు తిరిగొస్తుంది

తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం. మునెయ్య కొడుకు చెంగల్రాయులు, చెంగల్రాయులు కొడుకు మళ్లీ మునెయ్య. పెద్ద కొడుకు కొడుకూ మునెయ్యే, చిన్న కొడుకు కొడుకూ మునెయ్యే. ముని, చెంగ, వెంకట, గంగ అనే మాటలతో మొదలయ్యే పేర్లు ఈ ప్రాంతంలో ఎన్నో లెక్కలేదు. 1920లో ఒక మునెయ్య, 1965లో ఒక మునెయ్య కాగితాల్లో కనిపిస్తే, ఆ ఇద్దరినీ ఒకరిగా చేసేసి మధ్యలో ఒక తరాన్ని మింగేయడం సర్వసాధారణంగా జరిగే తప్పు. దీనికి విరుగుడు, పేరును ఒంటరిగా రాయకపోవడం. తండ్రి పేరు, భార్య పేరు, సర్వే నంబరు, ఈ మూడింటిలో కనీసం రెండు కలిసినప్పుడే ఇద్దరినీ ఒకే మనిషిగా లెక్కించాలి.

చిత్తూరు సరిహద్దుల్లో లిపి కూడా పేరు మారుస్తుంది. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం, త, దలకు ఒకే అక్షరం, ప, బలకు ఒకే అక్షరం. తమిళంలో రాసిన దామోదరం పేరును తెలుగు తెలిసిన గుమస్తా చదివి తామోదరం అని రాయొచ్చు. గోపాలు కోపాలు కావచ్చు. ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి, అక్కడి నుంచి కంప్యూటర్ ద్వారా మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి మునిరత్నం ఒక చోట మునిరథనం అవుతాడు. ఇవన్నీ వేర్వేరు మనుషులు కాదు. మూడు లిపుల్లో నలిగిన ఒకే పేరు.

ఇంటిపేరు సంగతి ఇంకో రకం. నగరి, సత్యవేడు వైపు తమిళ పద్ధతి పాటించే ఇళ్లలో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. ఫారంలో 'ఇంటిపేరు' గడిలో ఆ కొడుకు తండ్రి పేరు రాస్తాడు, ఆ కొడుకు కొడుకు ఇంకో పేరు రాస్తాడు. ఇంటిపేరుతో వెతికే వెబ్‌సైట్ వీళ్లను మూడు కుటుంబాలుగా చూపిస్తుంది. తెలుగు పద్ధతి ఇళ్లలోనూ ఇంటిపేరు ప్రతిసారీ నెత్తురు బంధానికి గుర్తు కాదు. దత్తుడు దత్తత వచ్చిన ఇంటిపేరు, గోత్రం తీసుకుంటాడు. ఇల్లటం వచ్చిన అల్లుడు మామ ఆస్తికి వారసుడైనా తన ఇంటిపేరు తనదే ఉంచుకోవచ్చు. అప్పుడు ఊళ్లో ఉన్న పొలం ఒక వంశానిది, దాన్ని దున్నే కుటుంబం ఇంటిపేరు ఇంకో వంశానిది. రెండు మూడు తరాల తర్వాత 'మనం ఈ ఊరికి ఎలా వచ్చాం' అనే ప్రశ్నకు జవాబు చాలా ఇళ్లలో ఈ ఇల్లటంలోనే ఉంటుంది.

వరసలు కూడా చూసి రాయాలి. తెలుగులో పెద్దనాయన కొడుకూ అన్నే, సొంత అన్నా అన్నే. 'మా నాయనా ఆయనా అన్నదమ్ములు' అని ఒక పెద్దావిడ అంటే, ఒకే తల్లి కడుపున పుట్టారా, లేక దాయాదులా అని ఆ క్షణంలోనే అడిగి రాసుకోవాలి. మేనరికాలు ఉన్న ఇళ్లలో చెట్టు కొమ్మలు మళ్లీ కలుస్తాయి. అక్క కూతుర్ని చేసుకున్నవాడి పిల్లలకు అమ్మమ్మే మేనత్త. నాన్న వైపు నుంచి తాత, అవ్వ అయినవాళ్లు అమ్మ వైపు నుంచి చూస్తే ముత్తాత, ముత్తవ్వ. విదేశీ సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు దీన్ని తప్పుగా చూపి, ఇద్దరు వేర్వేరు మనుషులుగా నమోదు చేయమంటుంది. కొమ్మలు అలా కలవడం తప్పు కాదు, మన పెళ్లిళ్ల తీరు. డీఎన్‌ఏ పరీక్షల్లోనూ ఇదే కారణంగా దూరపు బంధువు దగ్గరి బంధువులా కనిపిస్తాడు. తరతరాలుగా ఒకే బంధువర్గంలో పెళ్లిళ్లు జరిగిన చోట ఆ ఫలితాన్ని ఒక్కదాన్నే నమ్మి వరస తేల్చడం కుదరదు.

తిథి మిగిలింది, సంవత్సరం పోయింది

తద్దినాలు పెట్టే ఇళ్లలో ముత్తాత ఏ మాసంలో, ఏ పక్షంలో, ఏ తిథిన పోయాడో ఖచ్చితంగా తెలుసు. ఏ సంవత్సరమో తెలియదు. ఏటా చేసే పనికి తిథి చాలు, సంవత్సరం అక్కర్లేదు కాబట్టి జ్ఞాపకం అక్కడే నిలిచింది. తర్పణంలో మూడు తరాల పేర్లు వస్తాయి, నాలుగో తరం జారిపోతుంది. ఇది అజాగ్రత్త వల్ల జరిగింది కాదు, ఆచారం నిర్మాణమే అలాంటిది.

తిథితో పాటు వారం కూడా ఎవరికైనా గుర్తుంటే సంవత్సరం వెతకొచ్చు. ఒక తిథి ఒక వారాన పడటం సుమారు ఏడేళ్లకోసారి జరుగుతుంది. కాబట్టి ముప్పై ఏళ్ల కాలంలో నాలుగైదు సంవత్సరాలే మిగులుతాయి. పాత పంచాంగాలతో సరిచూసి, వాటిలో దస్తావేజులకు కుదిరేది ఏదో తేల్చుకోవచ్చు.

సంవత్సరం పేరు గుర్తున్న ఇళ్లకు అరవై ఏళ్ల చిక్కు ఉంది. ధాత నామ సంవత్సరం 1876–77లో వచ్చింది, మళ్లీ 1936–37లో వచ్చింది. 'ధాత కరువు' అంటే మొదటిది, దక్షిణాదిని ఊడ్చేసిన మహాకరువు. 'ధాతలో పుట్టాడు' అంటే మాత్రం ఏ ధాతో అడగాలి. ఒక ధాతకు ఇంకో ధాతకు మధ్య రెండు తరాలున్నాయి. ఇంకా ఒక సన్నని తేడా ఉంది. తెలుగు ఇళ్లలో సంవత్సరం ఉగాదితో మారుతుంది, తమిళ సౌరమానంలో ఏప్రిల్ మధ్యలో మారుతుంది. ఆ మధ్య రోజుల్లో పుట్టిన బిడ్డకు ఈ ఇంట్లో ఒక సంవత్సరం పేరు, ఆ ఇంట్లో ఇంకో పేరు.

దీన్ని ఎలా దాటాలో తిరుమలలోనే ఒక నమూనా ఉంది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనల రాగిరేకుల్లో, శక సంవత్సరం 1346 క్రోధిలో, ఆయన పుట్టిన పదహారేళ్లకు స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా సంకీర్తనలు సాగాయనీ చెక్కారు. శక సంఖ్య, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి కలిసి ఉన్నాయి. 1346కు 78 కలిపితే 1424. ఆ ఏడు క్రోధే. 1424కు 78 కలిపితే 1502, దుందుభే. ఫాల్గుణం వచ్చేసరికి 1503. సంఖ్య, పేరు ఒకదాన్నొకటి కాపాడాయి. ఒకటి తప్పు చెక్కినా రెండోది పట్టిస్తుంది. 1408లో పుట్టి 1503లో పోయాడని ఈనాడు ధైర్యంగా చెప్పగలగడానికి ఆధారం ఈ జోడింపే. ఇంటి డైరీలో తాత మరణం రాసేటప్పుడు తిథి, వారం, ఇంగ్లిష్ తేదీ మూడూ రాస్తే అదే రక్షణ దొరుకుతుంది.

సముద్రం దాటినవాళ్ల కాగితాలు

ఊళ్లో ఏ కాగితమూ లేని భూమిలేని కుటుంబాల గురించి ఒక్కోసారి సముద్రం అవతల వివరాలున్నాయి. 1860 నుంచి 1911 దాకా 1,52,184 మంది కూలి ఒప్పందాల మీద నటాల్‌కు, అంటే ఈనాటి దక్షిణాఫ్రికాకు వెళ్లారు. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన మొదటి ఓడ ట్రూరో బయల్దేరింది మద్రాసు నుంచి. వెళ్లినవాళ్లలో ఉత్తర ఆర్కాటువాళ్లు చాలామంది. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు రాశారు. అదే కాలంలో అదే ఊళ్లో మిగిలిపోయిన అన్న గురించి ఇంత వివరం ఎక్కడా దొరకదు.

నటాల్ నుంచి వెతుక్కుంటూ వచ్చే మనవళ్లు 'నార్త్ ఆర్కాట్' అనే మాట పట్టుకుని వేలూరు వెళతారు. 1911కు ముందు ఆ జిల్లా కేంద్రం చిత్తూరు అనీ, తాలూకా చిత్తూరో చంద్రగిరో అయితే ఊరు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉందనీ వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. గుమస్తా చెవికి వినపడినట్టు రాసిన ఊరిపేరును గట్టిగా పైకి చదివితే, చదువుకున్నవాళ్ల కన్నా ఊళ్లో పెద్దవాళ్లే త్వరగా పోల్చుకుంటారు.

ఇంగ్లండ్‌లో పుట్టుక, పెళ్లి, చావుల నమోదు 1837 జులైలో మొదలైంది, ఇంటింటి జనగణన కాగితాలు వందేళ్ల తర్వాత బయటపెడతారు. ఇక్కడ మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. జనగణనలో ఇంటింటి కాగితాన్ని చూడటానికి 1948 చట్టం ఒప్పుకోదు. పరాయిదేశం వెబ్‌సైట్లు చెప్పే పద్ధతులు ఇక్కడ సగంలో ఆగిపోవడానికి ఇదే కారణం. మన ఆధారాలు భూమి చుట్టూ ఉన్నాయి, కాబట్టి భూమి లేనివాళ్ల చరిత్ర మిషన్ చర్చిల బాప్తిస్మ పుస్తకాల్లో, ఖాజీల నికా రిజిస్టర్లలో, ఇలాంటి ఓడ జాబితాల్లో చెదిరి ఉంది. వంశరాజులు, భట్రాజులు పాడి చెప్పే వంశావళులూ వినాలి. అయితే వాళ్లు పొగిడే ఇంటివాళ్ల దగ్గర దానం తీసుకునేవాళ్లు, కాబట్టి వాటిలో మూలపురుషుడి గొప్పల కన్నా మధ్య తరాల పేర్లు, వలస వచ్చిన ఊళ్ల పేర్లు ఎక్కువ పనికొస్తాయి.

ఆడవాళ్ల పేర్లు ఎందుకు లేవు

పాత వంశవృక్షాల్లో కూతుళ్లుండరు. ఆస్తి హక్కు మగపిల్లలకే ఉన్న కాలంలో, హక్కు కోసం రాసిన చెట్టులో వాళ్ల అవసరం లేదు. హిందూ వారసత్వ చట్టానికి 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 కేంద్ర సవరణ ఆ హక్కును కూతుళ్లందరికీ చేర్చింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు మాత్రం కదలవు. ఈ తేదీల వల్ల చెట్టులో రాయని పేర్లకు ఇప్పుడు ప్రాణం వచ్చింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు దూరంగా ఇచ్చిన ఆడపడుచు పేరు 'మరిచిపోవడం', తర్వాత కేసుగా మారడం ఈ మార్పు ఫలితమే. చనిపోయిన మొదటి భార్యను వదిలేసి ఆమె పిల్లలను రెండో భార్య కింద రాయడం కూడా అంతే తరచుగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకునే చిన్న ఉపాయం, పిల్లల వయసులకూ తల్లి వయసుకూ తేడా లెక్కేయడం. తల్లికి కొడుకు కన్నా తొమ్మిదేళ్లే ఎక్కువుంటే, ఆ తల్లి కన్నతల్లి కాదు.

తప్పును చెరపకుండా దిద్దడం

1969 జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. రిజిస్టరులో తప్పు పడితే మొదటి రాతను కొట్టేయకూడదు, మార్చకూడదు. పక్కన అంచులో సరైన మాట రాసి, సంతకం పెట్టి, తేదీ వేయాలి. తర్వాత చూసేవాడికి మొదట ఏముందో, ఎప్పుడు, ఎవరు దిద్దారో అన్నీ కనిపిస్తాయి. 2023 సవరణ ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడి నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, పేర్లలో అక్షర దోషాలను బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే ఈ సెక్షన్ కింద దిద్దించుకోవడం మేలు.

ఇంటి వంశవృక్షానికి కూడా ఈ అంచు రాత పద్ధతే సరిపోతుంది. ఆన్‌లైన్ చెట్లలో జరుగుతున్నది దీనికి పూర్తిగా ఎదురు. ఒకరు ఊహించి పెట్టిన సంవత్సరాన్ని ఇంకొకరు కాపీ చేస్తారు, కుటుంబ వాట్సాప్ గ్రూపులో అది నలుగురికి చేరుతుంది, పది చోట్ల కనిపించాక పది ఆధారాలున్నట్టు అనిపిస్తుంది. మూలం ఒకటే అయితే సాక్షీ ఒక్కడే.

కాగితాలు ఒకే చోట ఉండటం ఎంత ప్రమాదమో 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో జరిగిన అగ్నిప్రమాదం చూపించింది. భూముల ఫైళ్లు కాలిపోయాయి. అంతకుముందు 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు, అప్పటిదాకా కరణాల ఇళ్లలో ఉండిన దస్త్రాలు చేతులు మారాయి. కొన్ని ఎక్కడికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఒకే సంగతి తరచుగా రెండు మూడు శాఖల్లో నమోదై ఉంటుంది. రెవెన్యూలో పోయిన పేరు రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో, కోర్టు డిక్రీలో, పాత సహకార సంఘం అప్పు కాగితంలో మిగిలి ఉండొచ్చు. ఇంట్లో ఉన్న పాత దస్తావేజులను లామినేషన్ చేయించకుండా, ఫొటోలు తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచాలి. లామినేషన్ పాత కాగితాన్ని లోపలే పాడుచేస్తుంది, తీయడానికీ రాదు.

మొదట అనుకున్న వయల్పాడు మనిషి గురించి ఆయన మనవడు నోటుపుస్తకంలో ఇలా రాసుకోవచ్చు:

'మునెయ్య, తండ్రి చెంగల్రాయులు. 1931 భాగపత్రంలో వయసు 26, అంటే 1905 ప్రాంతం. ఈ వయసు ఆయనే చెప్పుకున్నది. 1988 ఓటరు జాబితాలో 75, అంటే 1913. ఎవరు చెప్పారో తెలియదు, గుండ్రటి అంకె. 1990 మరణ నమోదులో 90, అంటే 1900. చెప్పింది పెద్ద కొడుకు. ప్రస్తుతానికి 1905 తీసుకున్నాం, మిగతా రెండూ కొట్టేయలేదు. పుట్టినప్పుడు కడప జిల్లా, వయల్పాడు తాలూకా. 1911 నుంచి చిత్తూరు జిల్లా. 2022లో అన్నమయ్య జిల్లా. చెల్లెలు ఒకరు ఉన్నారని పెద్ద కూతురు చెప్పింది, పేరు గుర్తులేదు, పుంగనూరు వైపు ఇచ్చారు. వెతకాలి.'